నేను తోలిన కారు

పలుచటి మజ్జిగలో నిమ్మకాయ పిండి, ఉప్పు వేసి కలుపుతున్నాను. రాత్రి తాగిన మనిషిని పొద్దున ఎనిమిదికల్లా స్టీరింగ్ ముందు కూర్చోబెట్టడానికి మా ఇంట్లో చేసే వైద్యం ఇది. పదకొండేళ్ళుగా చేస్తున్నాను, చెయ్యి తిరిగిపోయింది. ఆ రోజు అహోబిలం పోయే యాత్రికులెవరో కారు మాట్లాడుకున్నారు. మా ఆయన జనార్ధన్ వంటింటి గడపలో నిలబడి ఫోన్లో ఏదో చదువుతూ నవ్వాడు.

"తాగి బండి తోలినోళ్ళకు జన్మంతా లైసెన్సు లేకుండా పీకేయాలంట. రాసేటోనికేం పోతాది? మా మాదిరోళ్ళు ఏం తిని బతకాల?"

మా అత్త ఉమామహేశ్వరమ్మ హాల్లోంచి అందుకుంది. మగవాడన్నాక ఒళ్ళలసి ఒక చుక్క వేసుకుంటాడట, తప్పు చేస్తే ఆరు నెలలు ఆపితే చాలదా, బతికినన్నాళ్ళూ నోటికాడ కూడు లాక్కుంటారా అంది. అంతటితో ఊరుకోలేదు. తాగనోళ్ళు తోలినా మనుషుల్ని గుద్దుతున్నారు కదా అని నా వైపు చూసింది. ఆమెకు నిజం తెలుసు. ముగ్గురికీ తెలుసు. అయినా నేను గ్లాసు ఆయన చేతికిచ్చాను.

నాకు కారు నేర్పించింది ఆయనే. మూడేళ్ళ కింద లైసెన్సు కార్డు ఇంటికొచ్చిన రోజు నేను ఎంత మురిసిపోయానో చెప్తే నవ్వుతారు. బడిలో తోటి టీచర్లందరికీ చూపించాను. ఆదివారం అమ్మాయి ప్రణతిని కూర్చోబెట్టుకుని మహానంది దాకా నేనే తోలాలనుకున్నాను. "దుడ్లు పెట్టి కొన్న బండి, నీ ఆటకు ఇచ్చేదానికా?" అన్నాడు. ఆ లైసెన్సు ఎందుకో ఒక సాయంత్రం పాణ్యం నుంచి తిరిగొస్తుంటే అర్థమైంది. దూరంగా పోలీసులు బండ్లు ఆపుతుంటే కారు పక్కకు తీసి, ఇటు వచ్చి కూర్చో అన్నాడు. నేను తోలాను. వాళ్ళు నన్ను చూసి పొమ్మన్నారు. అర కిలోమీటరు దాటగానే దిగమన్నాడు. తర్వాత అలా ఎన్నిసార్లు మారామో లెక్కపెట్టుకోలేదు. ఆయన నోటి నుంచి వాసన వస్తున్నా, పక్కన కూర్చున్నది నేనే, మారి కూర్చున్నదీ నేనే. సిగ్గులేని సంగతి ఇంకొకటి చెప్పాలి. ఆ అర కిలోమీటరూ నాకు బాగుండేది.

నాలుగు నెలల కింద ఆళ్ళగడ్డలో ఆయన స్నేహితుడింట్లో విందు. సాయంత్రం ఐదింటికి తిరిగి ఇంటికి బయల్దేరాం. ఊరు దాటుతుండగా రోడ్డు అంచున నడుస్తున్న మనిషి కారు ముందు ఎగిరిపడింది. బ్రేకు పడింది. "ఇటు రా," అన్నాడు. అంతే, రెండే మాటలు. ఆయన వెనక సీట్లోకి దూకాడు, నేను జరిగి స్టీరింగ్ ముందు కూర్చున్నాను. ఏడవలేదు, ఎందుకని అడగలేదు, అలవాటైన పని కాబట్టి నా ఒళ్ళు దానంతట అదే కదిలింది. ఆ తర్వాత దిగి చూశాను. పడి ఉన్న మనిషిని చూడకముందే నేను సీటు మారాను. దీన్ని ఎన్ని రకాలుగా తిప్పి చెప్పుకున్నా, ముందు జరిగింది అదే.

ఎస్సై వచ్చి నన్ను స్టీరింగ్ ముందు కూర్చోమన్నాడు. సీటు మా ఆయన పొడుగుకు సరిపడా వెనక్కి ఉంది. నా కాలు క్లచ్చుకు అందలేదు. ఎస్సై అది చూశాడు, చూసీ మా ఆయనతో, "ఆడోళ్ళ చేతికి బండెందుకిచ్చినావప్పా?" అన్నాడు. అడిగింది అంతే. వెనక సీట్లోంచి దిగిన మనిషి నోరెవరూ వాసన చూడలేదు. నేనేమో ఎన్ని ప్రశ్నలు వేస్తారోనని లోపల జవాబులు పేర్చుకుంటున్నాను. ఆడది తోలిందంటే చాలు, ఇంక సాక్ష్యమెందుకు? మా బడి కరస్పాండెంటు మీటింగులో అందరి ముందూ, బడి బస్సు తాళాలు మాత్రం మేడమ్‌కు ఇవ్వకండి అన్నాడు. అందరూ నవ్వితే నేనూ నవ్వాను. చివరికి మా ఆయన కూడా చుట్టాలతో చెప్పుకుని బాధపడేవాడు. "వద్దంటే ఇనలేదు, తోలింది," అనేవాడు. అలా చెప్పేటప్పుడు ఆయన మొహంలో అబద్ధం కనిపించేది కాదు. నిజంగానే నమ్మేశాడు. ఒక్కోసారి నాకే అనుమానం వచ్చేది.

ఆ మనిషి పేరు జాన్‌బీ. ఆళ్ళగడ్డలో బట్టలు కుడుతుంది. కుడి పాదం తీసేశారు. నంద్యాల ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ బడి వదలగానే పాలు, జొన్నరొట్టెలు తీసుకుని పోయేదాన్ని. నా పాపం కొంత కరుగుతుందేమోనని పోయేదాన్నేమో. ఆమె నన్ను ఒక్క మాటా అనలేదు. పైగా నా చిక్కిన మొహం చూసి, తిన్నావా అని అడిగేది. తిట్టి ఉంటే ఎంత బాగుండేది.

మజ్జిగ తాగి గ్లాసు పక్కన పెడుతూ ఆయన ఒక కాగితం ఇచ్చాడు. రాజీ కాగితం. లాయరు రాయించాడు. ఆడమనిషివి, నువ్వడిగితే ఆమె కాదనదు, సంతకం పెడితే కేసు పోతుంది, ఆపేసిన నీ లైసెన్సు కూడా కొన్ని నెలలకు తిరిగొస్తుందన్నాడు. "మళ్ళా పనికొస్తాది," అన్నాడు. పనికొస్తాదట. ఇంకో జాన్‌బీకి.

బడికి సెలవు చెప్పి ఆళ్ళగడ్డ బస్సెక్కాను. జాన్‌బీ తలుపు దగ్గర చాప మీద కూర్చుని చేత్తో హెమ్మింగ్ చేస్తోంది. లోపల కుట్టుమిషన్ ఉంది. కాలితో తొక్కే పలక మీద మడతపెట్టిన బట్టలు పేర్చి ఉన్నాయి. నన్ను చూసి కాస్త జరిగి చోటిచ్చింది. కాగితం ఇచ్చాను. నిదానంగా అంతా చదివి, గుడ్డలపెట్టెలోంచి పెన్ను తీసింది.

"పెడతాలే అక్కా. నువ్వేమన్నా కావాలని చేసినావా," అంది. "తాగి తోలినోడైతే పెట్టకపోదును. ఆళ్ళకు ఆరు నెలలు ఆపితే చాలంటారు గదా. ఆరు నెలలకు నా పాదం తిరిగొస్తాదా? ఆళ్ళకు జన్మలో బండి ఇయ్యకూడదు. నీ సంగతి యేరే."

పెన్ను కాగితం మీద ఆనింది. ఆ క్షణంలో ఇల్లు గుర్తొచ్చింది. ప్రణతి ఫీజు, నా జీతంతో సగం నెల కూడా గడవదన్న లెక్క, అత్త అరుపులు, ఆయన చెయ్యి. తన లైసెన్సు పోతే ఆయన ఏం చేస్తాడో, నన్నేం చేస్తాడో తెలుసు. అయినా నా చెయ్యి పోయి ఆ కాగితాన్ని పట్టుకుంది.

"పెట్టొద్దు జాన్‌బీ. ఆ రోజు కారు తోలింది నేను కాదు. మా ఆయన. తాగి ఉన్నాడు. నేను సీటు మారినాను. నిన్ను చూసేదానికంటే ముందే మారినాను."

జాన్‌బీ పెన్ను కాగితం మీంచి తీసింది. సందులో ఉల్లిపాయల బండి అరుచుకుంటూ పోయింది. నేను ఏడుస్తున్నాను. ఆమె ఏడవలేదు.

"మరి పాలెందుకు తెచ్చినావు నాకు?" అంది.

కాగితాన్ని వెనక్కి తిప్పి, ఆమె చేతిలోని పెన్ను అడిగి తీసుకున్నాను. తేదీ, టైము రాశాను. కారు తోలింది నా భర్త జనార్ధన్ అని రాశాను. అంతకుముందు చెకింగ్‌ల దగ్గర మారింది కూడా రాశాను. అతనికి ఇక ఎప్పటికీ లైసెన్సు ఇవ్వవద్దని, అబద్ధం చెప్పినందుకు నా మీద ఏ చర్య తీసుకున్నా ఒప్పుకుంటానని రాశాను. ఇప్పుడే స్టేషనుకు పోయి ఇస్తాను, నువ్వు నన్ను నమ్ముతావా అని అడిగాను.

జాన్‌బీ చేతిలో గుడ్డ మడిచి పక్కన పెట్టింది. మొదటిసారి నా కళ్ళలోకి సూటిగా చూసింది.

"నేను మాఫ్ చేసింది ఆ రోజు బండి తోలిన ఆడమనిషిని," అంది. "నిన్ను కాదు."

తెలుసన్నాను. కింద నా పేరు రాసి, సంతకం పెట్టాను.