తువ్వాళ్లల్ల పడ్డ పాట

సిరిసిల్లల కరెంటు పోయిందంటే వాడంత మగ్గాలు ఆగుతయి. మగోళ్లు చాయ్‌కు లేస్తరు, ఆడోళ్లు నడుం వాలుస్తరు, హర్షిణి మాత్రం ఇంట్లకు ఉరుకుతది. ఆమె స్టూడియో తెరుచుకునేది గప్పుడే. తలుపేసి, నెత్తి మీదికెళ్లి బొంత కప్పుకుని, ఫోన్‌ల పాట రికార్డు చేస్తది. రాసుడు ఆమెనే, బాణీ కట్టుడు ఆమెనే, బిందె మీద దరువు ఆమెనే, యూట్యూబుల పెట్టుడు ఆమెనే. వినేటోళ్లల్ల సగం మంది మాత్రం మేనమామ బిడ్డలే.

మగ్గం నడిచేటప్పుడు ఆ వాడల ఎవ్వరూ పాడరు. పాడితే పాట బట్టల పడ్తది, గొంతుల మిగలదు. పక్కింటి శంకరవ్వ ఓసారి నడిచే మగ్గం పక్కన నూలు కండెలు చుట్టుకుంట జోలపాట తీసింది. ఆ బట్ట కట్టుకున్న పెండ్లిపిలగాడు పీటల మీదనే గుర్రు పెట్టిండు. శంకరవ్వకేమో ఆ పాట మళ్ల యాదికి రాలే. గట్లనే ఉంటది మరి.

"గీ కొత్త పాటన్న జనంలకు పోకుంటే కుట్టు మిషన్ల షెడ్డుకు పోతవా?" అనడిగిండు బాపు దశరథం.

"పోత బాపు."

అన్నదిగని మనసొప్పలే. షెడ్డుల కరెంటు పోతే జనరేటర్ మోగుతది. పాటకు అక్కడ సందే లేదు.

కొత్త పాట గోదారిది. వానకాలం తొలి నీళ్ల కోసం కడవ పట్టుకుని ఒడ్డున నిలబడ్డ ఒక పిల్ల పాట. కరెంటు పోంగనే హర్షిణి కండ్లు మూసుకుని అందుకున్నది. పల్లవి మొదలైందో లేదో, కరెంటు రానే వచ్చింది. బాపు మగ్గం టకటకమన్నది. ఆపాలె. ఆపబుద్ధి కాలే. పాటల పిల్ల అప్పటికే ఒడ్డుకు చేరుకున్నది, నడిమిట్ల ఎట్ల విడిచిపెడ్తది?

"ఓ బిడ్డా, నోరు ముయ్యే! బట్టల పడ్తుంది!" బాపు కేకకు ఉలిక్కిపడి ఆపింది. ఫోన్‌ల చూస్తే మగ్గం మోత, గొంతుల చూస్తే ఖాళీ. ఇంకా పాడని ఆఖరి ముక్క ఒక్కటే మిగిలింది, తల లేని తోక లెక్క.

పాట బట్ట తాను పొడుగూత పారింది. ఆర్డర్ బట్టాయె, ఆపుడెట్ల? తువ్వాళ్లు కోసి మంచిర్యాలకు తోలిండ్రు. పాట పాయె, ఇగ షెడ్డే దిక్కని హర్షిణి అన్నం ముద్ద కెలుక్కుంట కూసున్నది.

వారానికి మంచిర్యాల బట్టల దుకాణం అవేజ్ దశరథానికి ఫోన్ చేసిండు. "కాకా, నీ తువ్వాళ్లు పాడుతున్నయ్."

"తప్పయింది బిడ్డా. వాపస్ పంపుతవా?"

"వాపస్ ఎందుకు? ఒక్కోటి ఒక్క ముక్కనే పాడుతుంది, గదే పరేషాన్! గిరాకోళ్లు మిగిలిన పాటేదని నా పానం తింటుండ్రు. మా చిన్నమ్మ గౌహర్ ఖాలా అయితే పల్లవి నెత్తికి చుట్టుకుని, చరణం కోసం బజారంత తిరుగుతుంది. ఐతారం అందర్నీ గోదారి ఒడ్డుకు రమ్మన్న. బిడ్డను తీసుకుని నువ్వు గూడ రా."

పోయేసరికి ఒడ్డున తాళ్లు కట్టి ఉన్నయి. జనం తువ్వాళ్లు ఆరేసుకుంట కొట్లాడుకుంటుండ్రు.

"నాదే ముందు!"

"నీది రెండో చరణం తమ్మీ, ఎనుకకు జరుగు!"

హర్షిణి ఫోన్‌ల రికార్డు పెట్టి నిలబడ్డది. గోదారి మీది గాలి లేచింది. ఒక్కో తువ్వాల ఊగుడు, ఒక్కో ముక్క పలుకుడు. ఎవరో వేరే పిల్ల పాడినట్టు వినుకుంట మురిసిపోయింది. ఇంత మంచిగ పాడిన్నా నేను?

ఆఖరి తాడు కాడ పాట టక్కున ఆగింది.

"హాయ్ అల్లా, గంతేనా?" అన్నది గౌహర్ ఖాలా. "నీళ్లొచ్చినయా లేదా ఆ పిల్లకు?"

హర్షిణి జనం ముందట ఎన్నడూ నోరు తెరవలే. కాని ఆ పిల్లను ఒడ్డు మీద గట్ల ఎట్ల నిలబెడ్తది? మెల్లగ అందుకున్నది:

"వచ్చినవా గోదారీ, నా కడవ నిండ నవ్వినవా..."

ఒడ్డంత ఒకటే ఈలలు. తువ్వాళ్లు గూడ గాలి పడిపోయినా ఊగినయి. ఫోన్‌ల పాట మొత్తం పడ్డది.

"ఇంకోటి పాడు బేటీ!" అన్నది ఖాలా.

హర్షిణి బాపు దిక్కు చూసింది. "పొద్దుగూకుతుంది బాపు. రేపు పొద్దుగాల షెడ్డుకు రమ్మన్నరు గద."

దశరథం ఇసుకల నిమ్మళంగ కాళ్లు చాపుకుని కూసున్నడు.

"ఏ షెడ్డే? పెద్దమనిషి అడుగుతుంది, ఇనవడ్తలేదా? అందుకో!"