మా ఊపిరితిత్తులకు తాళం

మన రొమ్ముల్ని పరీక్షించి రాసిన కాగితాన్ని మనకే చూపించరు. కాలేజీ లైబ్రరీలో కళ్లారా చూశాను. కంప్యూటర్ తెర మీద మా పలుగురాయి పొడి మిల్లు గురించి నాలుగు ముక్కలు, కింద తాళం బొమ్మ. మిగతాది చదవాలంటే డబ్బు కట్టాలట.

"అందులో మా ఆయనున్నాడు," అంది వదిన. మిల్లుకొచ్చి మా ఊపిరి పరీక్షించిన డాక్టరమ్మ గొట్టంలో అన్న మాతోపాటే ఊదాడు. ఆ ఏడే ఎండి ప్రాణం వదిలాడు. "చచ్చాక కూడా బంధిస్తారేంటి?"

అన్న పనిచేసిన షెడ్డుని మళ్లీ తెరుస్తున్నారు. దుమ్ముతో ఎవడూ చావలేదంటాడు యజమాని. లోపలికెళ్లే కొత్త జట్టులో వదిన తమ్ముడున్నాడు.

"రుజువుంటే చూపించక్కా, మానేస్తా," అన్నాడు వాడు.

రుజువు తాళం వెనకుంది. డాక్టరమ్మను యూనియన్ గదికి పిలిచాం.

"రాసింది నేనే. హక్కులు మాత్రం అచ్చేసిన పత్రిక కంపెనీవి. అందరికీ తెరవాలంటే ఇప్పుడు నేనే వాళ్లకు డబ్బు కట్టాలి. కొత్త పద్ధతి."

"భలే పద్ధతి! ఇదివరకు చదివేవాడి పీక, ఇప్పుడు రాసేవాడి పీక. పిసికే చెయ్యి అదే!" అన్నాడు మా మిల్లు మేస్త్రీ.

"అచ్చుకు ముందటి ప్రతి నా దగ్గరుంది. బయటపెడితే కేసు, ఉద్యోగం కూడా..." అంది డాక్టరమ్మ.

గోడవార ఒకప్పుడు అన్న కూర్చునే ఖాళీ బెంచీ మీద ఎవరో దగ్గారు. అందరం అటు తిరిగాం. డాక్టరమ్మ కూడా తిరిగింది.

"మీరు ఊదమన్నప్పుడు ఎందుకని అడక్కుండా ఊదాం. ఇప్పుడడుగుతున్నాం తల్లీ," అంది వదిన.

డాక్టరమ్మ ఆ ప్రతిని లోకమంతా ఊరికే చదువుకునేలా నెట్‌లో పెట్టేసింది. కాలేజీ విద్యార్థులు దాన్ని ఇంగ్లీషులోంచి మన మాటల్లోకి మార్చారు. షెడ్డు తెరిచే పొద్దున గేటు ముందు ఓ విద్యార్థిని ఎలుగెత్తి చదివింది: "ఊదినవాళ్లలో సగానికి పైగా మందికి ఊపిరితిత్తులు గట్టిపడ్డాయి. పాత షెడ్డులో పనిచేసినవారికే ఎక్కువ..."

పేర్లు లేవు, ఊదినవాళ్లకిచ్చిన నంబర్లే. ఒక్కో నంబరు వినబడేకొద్దీ గుంపు ఇరుకైంది. ఎవరో వచ్చి మా భుజాలకు భుజం ఆనించినట్టు.

పోలీసు జీపు వచ్చింది. "దొంగ సొత్తు ఇది! ఆపండి!" అంటూ ఇన్‌స్పెక్టర్ కాగితాలు లాక్కున్నాడు. డాక్టరమ్మను, చదువుతున్న పిల్లను జీపెక్కించారు.

"దొంగెవడ్రా?" మేస్త్రీ అరిచాడు. లాఠీ పడింది. గుంపు చెదరలేదు.

అప్పుడు కొత్త జట్టులోంచి వదిన తమ్ముడు బయటికొచ్చాడు. ఫోన్ తీసి, ఆ పిల్ల ఆగిన చోటు వెతికి, కూడబలుక్కుంటూ చదవసాగాడు.

"గట్టిగా చదవరా, వెనక్కి వినబడ్డంలేదు!" అన్నాడు వాడి జట్టులో ఒకడు, తనూ వరసలోంచి తప్పుకుంటూ.

వెనకే ఇంకొకడు. ఆ వెనక అందరూ.

షెడ్డు తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. లోపలికి ఒక్కడూ పోలేదు.