బలపరిచినవారు నకిరు

లోకంలోంచి పేదరికాన్ని తరిమెయ్యడానికి తొమ్మిదిమంది నైరోబీలో ఓ హోటలు ఐదో అంతస్తులో కూర్చున్నారు. ఈ తరిమెయ్యడం ఇరవై ఆరేళ్ళుగా సాగుతూనే ఉంది, అది వేరే సంగతి. ఆ తొమ్మిదిమందిలో పేదరికంలో పుట్టి పెరిగింది ఒక్క నకిరే.

కెన్యా ఉత్తరాన తుర్కానాలో ముప్ఫై నాలుగేళ్ళు బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. మూడేళ్ళ కిందట ఈ సేవాసంస్థ పెద్దలకి, మనం ఎవరికోసం పనిచేస్తున్నామో వాళ్ళు మన బోర్డులో ఒక్కరూ లేరే అని ఉన్నట్టుండి తోచింది. ఓ కుర్చీ ఎక్కువ వేశారు. ఆ కుర్చీలో నకిరుని కూర్చోబెట్టారు. మిగతా ఎనిమిదిమందీ బ్యాంకులూ కోర్టులూ యూనివర్సిటీలూ నడిపి వచ్చినవాళ్ళు. అందరూ మంచివాళ్ళే. అదే వచ్చిన చిక్కు. ఒక్కడు చెడ్డవాడున్నా వాణ్ణి నాలుగు తిట్టుకుని కడుపుమంట చల్లార్చుకోవచ్చు.

ఈసారి ఆమె ఒక్క పని మీద వచ్చింది. వాళ్ళవైపు పదకొండు ఊళ్ళ బోర్లని చూసుకోవడానికి సంస్థ పెట్టిన రిపేరు జట్టు ఒకటుంది. ఓ లారీ, నలుగురు మెకానిక్కులు. ఎక్కడ పంపు ఆగినా మూడో రోజుకల్లా వచ్చి బాగుచేసి పోతారు. వాళ్ళు రాకముందు పంపు ఆగిందంటే ఆగిందే. ఆడవాళ్ళు ఎండిన ఏట్లో మూడు నిలువుల గుంట తవ్వి, ఒకరి భుజం కింద ఒకరు నిలబడి, అడుగున ఊరిన నీళ్ళు చెంబుతో పైకి అందించుకునేవారు. అలాంటి గుంట ఒకటి కూలి నకిరు చెల్లెలు అందులోనే ఉండిపోయింది. ఇప్పుడా జట్టుని ఎత్తేస్తారని ఓ మాట పుట్టింది.

చెల్లెలి మొగుడు ఎవోయ్ ఊరి నీళ్ళ సంఘానికి పెద్ద. లొడ్వార్ టౌను బస్టాండు దాకా వచ్చి ఆమెని సాగనంపాడు.

"మాట్లాడు వదినా. మాకా ఇంగ్లీషు రాదు, ఆ పెద్దాళ్ళూ తెలీదు. లారీ పోనివ్వకు, అంతే."

"నేనుండగా ఎలా పోతుందయ్యా," అంది నకిరు.

ఊరికే అనలేదు. సభకి ముందు పంపిన అంశాల జాబితాలో ఏడో అంశం 'ఉత్తర ప్రాంతంలో నీళ్ళు' అని ఉంది. ఆ ఏడో అంశం కోసం మూడు సాయంత్రాలు కూర్చుని ఉపన్యాసం రాసుకుంది. కొట్టేసింది, మళ్ళీ రాసింది, గోడ గడియారం చూసుకుంటూ పైకి చదువుకుంది. సరిగ్గా ఆరు నిమిషాలొచ్చింది. జాబితాతో పాటు వచ్చిన కాగితాల కట్ట మూడువందల పన్నెండు పేజీలు. ఎర్ర పెన్ను పట్టుకుని నూట తొంభై దాకా చదివింది. ఆ తర్వాతవన్నీ అనుబంధాలు. అనుబంధాలు ఎవరు చదువుతారమ్మా అని కట్ట మూసేసింది. ముప్ఫై నాలుగేళ్ళు పిల్లల చేత పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా చదివించిన మనిషి.

ఇలాంటి సభల్లో మొదటి అంశం ఎప్పుడూ ఒప్పుకోలు కట్ట. కిందటి సభ మినిట్స్, బ్యాంకు సంతకాల మార్పు, ఎవరి పదవీకాలమో ఏడాది పొడిగింపు, ఇలాంటి గొడవలేనివన్నీ ఒక్క మూటగా కట్టి, చర్చ లేకుండా ఒక్క దెబ్బన ఆమోదించేస్తారు. అందులో ఏదైనా విడిగా మాట్లాడాలనుకున్నవాళ్ళు ముందే చెయ్యెత్తి ఫలానాది బయటికి తియ్యండి అంటే చాలు, తీసేస్తారు. కారణం కూడా అడగరు. ఎవరూ ఎత్తకపోతే మూట మూటంతా చెల్లిపోయినట్టే.

అధ్యక్షుడు వౌటర్ హాలండు మనిషి, ఆరున్నర అడుగుల పొడుగు, ఎవరితో మాట్లాడినా వంగి మాట్లాడతాడు. ఒప్పుకోలు కట్టని ఎవరో ప్రతిపాదించారు. బలపరచడానికి ఎప్పుడూ ఆ బ్యాంకులవాళ్ళనే చూసే వౌటర్ ఆవేళ ఇటు తిరిగాడు.

"నకిరు గారూ, మీరు బలపరుస్తారా?"

మూడేళ్ళుగా ఎవరూ అడగలేదు. మొహమాటం లేకుండా చెప్పాలంటే ఆమెకి సంతోషమేసింది. ఒళ్ళు పులకరించినంత సంతోషం. నడుం నిటారు చేసుకుని, వెనక బెంచీ దాకా వినబడే గొంతుతో, "బలపరుస్తున్నాను," అంది.

ఎదురుగా కూర్చున్న బొలీవియా ఆవిడ ఎల్బా తలెత్తి ఆమెకేసి వింతగా చూసింది. నకిరు ఆమెని చూసి నవ్వింది. కట్ట చెల్లింది. నిమిషం పట్టలేదు.

పదకొండింటికి చాయ్ విరామం. మందాజీ బూరెలు వేడిగా ఉన్నాయి. ఎల్బా కప్పు పట్టుకుని పక్కకొచ్చింది.

"మీ ఊళ్ళవాళ్ళు ఒప్పుకున్నారన్నమాట అక్కా. నాకైతే నిన్నటిదాకా నమ్మకం లేదు."

"దేనికి ఒప్పుకున్నారు?"

"అదే, రిపేరు జట్టు ఎత్తెయ్యడానికి. ఇప్పుడేగా నువ్వు బలపరిచావు."

"అది ఏడో అంశం కదే."

ఎల్బా కప్పు కిటికీ గట్టు మీద పెట్టి, తన కాగితాలు తిప్పి చూపించింది. రెండువందల పద్నాలుగో పేజీ. అనుబంధం డి, భాగస్వామ్యాల క్రమబద్ధీకరణ. చివరి పేరాలో సెప్టెంబరు ఆఖరుకి జట్టు రద్దు, లారీ వేరే దేశానికి తరలింపు. ఒప్పుకోలు కట్టలో నాలుగోది.

నకిరు పేరా రెండుసార్లు చదివింది. అక్షరాలన్నీ తెలిసినవే.

"నువ్వెందుకు తియ్యమనలేదు?" అంది.

"నీ కోసం ఆగాను అక్కా," అంది ఎల్బా. "నీ ఊరు సంగతి, నువ్వెత్తాలి, మేం వెనక నిలబడాలి. రాత్రి ఫోన్లు చేసి నలుగురిని కూడగట్టాను, నీకు తెలిసే ఉంటుందని నీకు చెయ్యలేదు. నీతో కలిపి ఆరుగురం. గెలిచేవాళ్ళం. నువ్వు అంత గట్టిగా బలపరుస్తున్నానంటే, సరే, వాళ్ళలో వాళ్ళు ఏదో తేల్చుకుని ఉంటారు, మధ్యలో మనమెవరం అనుకున్నాం అందరం."

ఆరుగురు. ఒక్కతే అరిచి ఓడిపోయి ఉంటే నకిరు ఎలాగో ఓర్చుకునేది. ఊరికి వెళ్ళి, వాళ్ళు వినలేదురా అని చెప్పి, అందరితో కలిసి ఏడ్చేది. ఆ ఏడుపు కూడా దక్కకుండా చేసుకుంది.

విరామం అవగానే లేచి నిలబడింది. తన పొరపాటని చెప్పింది, నాలుగోదాన్ని మళ్ళీ తెరవమంది. వౌటర్ మొహం నిజంగానే పాలిపోయింది. సెక్రటరీ ముంబువాని నియమం చదవమన్నాడు. ముంబువా నకిరుకేసి చూడకుండా చదివింది. చెల్లిన తీర్మానాన్ని అదే సభలో తిరగదోడకూడదు. ఇరవై ఒక్క రోజుల నోటీసుతో వచ్చే సభలో అడగాలి. వచ్చే సభ నవంబరులో.

"అప్పటికి లారీ ఉండదు కదండీ," అంది నకిరు.

"ఉండదు," అన్నాడు వౌటర్. "నాకు చాలా బాధగా ఉంది నకిరు గారూ. మీ ఆవేదనని మినిట్స్‌లో రాయిస్తాను."

"ఆవేదన ఎందుకండీ రాయడం. లారీ కావాలి."

ఎవరూ నవ్వలేదు, ఎవరూ కోప్పడలేదు. ఎల్బా నియమాన్ని పక్కన పెట్టమని గట్టిగానే వాదించింది. కోర్టు నుంచి వచ్చిన ఆయన, ఒకసారి పక్కన పెడితే రేపు ఇంకెవరో ఇంకెందుకో పెడతారన్నాడు. ఆయన చెప్పింది తప్పు కూడా కాదు. పన్నెండింటికి తర్వాతి అంశానికి వెళ్ళిపోయారు.

భోజనాలయ్యాక ఏడో అంశం వచ్చింది. జట్టు రద్దవుతున్న సంగతి ఆ పదకొండు ఊళ్ళకి ఎలా చెప్పాలన్నదే ఆ అంశం. ఉత్తరం ముక్క పంపితే మర్యాదగా ఉండదన్నారు. మనవాళ్ళెవరో వెళ్ళి చెబితే మనసు కష్టపెట్టుకుంటారన్నారు. వాళ్ళ మనిషి నోటితో వినడమే గౌరవమన్నారు. తర్వాత ఎనిమిది జతల కళ్ళు ఇటు తిరిగాయి, జాలిగా. నకిరు ఆరు నిమిషాల ఉపన్యాసం సంచిలోంచి బయటికి తియ్యలేదు. తలూపింది. అది కూడా రాసుకున్నారు.

నాలుగింటికి మెట్ల దగ్గర నిలబడి ఫోను చేసింది. ఊరికి వెళ్ళేదాకా దాచుకుందామనుకుంది గానీ మనసొప్పలేదు. ఎవోయ్ మొదటి రింగుకే ఎత్తాడు. అవతల మేకల అరుపులూ, ఆడవాళ్ళ గోలా వినబడుతున్నాయి.

"మాట్లాడావా వదినా?"

"లారీ పోతోంది ఎవోయ్. సెప్టెంబరుతో సరి."

"ఒప్పుకోలేదా వాళ్ళు?"

"వాళ్ళు కాదు. నేనే ఒప్పేసుకున్నాను. కాగితం చదవకుండా సరేనన్నాను. అందరికంటే ముందు నేనే అన్నాను."

అతను నవ్వాడు. "ఊరుకో వదినా, పరాచికాలకి ఇదా సమయం. ఇక్కడ అందరూ పొద్దుట్నుంచి పనులు మానుకుని కూర్చున్నారు. ఉండు, వాళ్ళకి చెప్పు."

ఫోను చేతులు మారింది. ఎవరో పెద్దావిడ ఆశీర్వదించింది. ఎవరో పిల్ల, మా పెద్దమ్మ మాట్లాడిందంట అని ఇంకెవరికో చెబుతోంది. అది చెల్లెలి కూతురి గొంతు. వెనక నలుగురైదుగురు పాటెత్తుకున్నారు. నకిరు గోడకి ఆనుకుంది. ఆపండమ్మా అంది. వినబడలేదు. ఆపండని అరిచింది. హోటలు గుమాస్తా ఒకడు తలతిప్పి చూశాడు.

ఫోను మళ్ళీ ఎవోయ్ చేతికి వచ్చింది. అతను పక్కకి నడిచినట్టున్నాడు, పాట దూరమైంది.

"నిజమేనా?" అన్నాడు.

"నిజమే."

తిడతాడని ఎదురుచూసింది. తిట్టాలని కోరుకుంది. నా పెళ్ళాన్ని పూడ్చిన గుంటని మళ్ళీ తవ్విస్తున్నావు కదే అంటాడనుకుంది. అతను అదేదీ అనలేదు.

"నాలుగో నంబరు బోరు నిన్నట్నుంచి మూలుగుతోంది," అన్నాడు. "అది ఆగితే ఇక ఎవరికి చెప్పాలి మేం?"

"నాకు చెప్పు. నేనొస్తాను."

"నువ్వొచ్చి ఏం చేస్తావు వదినా?" అన్నాడు ఎవోయ్. ఆ గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు, జవాబు కోసం ఆగాడు కూడా.