గుమ్మానికి కరివేపాకు

ఆ శుక్రవారం సాయంత్రం అమెరికాలో ఫ్రిస్కో ఊళ్ళో ఒక ఇంట్లో నమ్రత, ఆమె భర్త శశికాంత్, ఏడు నెలల కొడుకు అనీష్, వాడి అన్నప్రాశన చూడడానికి ఊరి నుంచి ఈమధ్యే వచ్చిన నమ్రత తల్లి జ్ఞానప్రసూన, ఆవిడ వెంట వచ్చిన మనవరాలు మృదుల ఉన్నారు. అన్నప్రాశన మర్నాడే. పరమాన్నానికి పెద్ద గిన్నె ఇచ్చిపోదామని స్నేహితురాలు బిందుమాధవి కూడా వచ్చింది. ఆవిడ పిల్లల డాక్టరు.

మృదులకి నలుగురిలో నోరు పెగలదు. మేనత్త ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ ఆ పిల్ల కబుర్లన్నీ బాబుతోనే. వాడూ ఆమె చంక దిగేవాడు కాదు. అలాంటిది ఆ పూట వాడు చేతులు చాపి ఏడుస్తున్నా, జ్వరంతో సోఫాలో ముడుచుకుని ఉండిపోయింది. ముఖం నిండా ఎర్రటి దద్దుర్లు.

"మామిడిపళ్ళ వేడి అక్కా," అంది నమ్రత. "బాక్సు బాక్సంతా లాగించేసింది. క్రీమేదైనా ప్రిస్క్రైబ్ చెయ్యి."

బిందుమాధవి మాస్కు పెట్టుకుని మృదుల కళ్ళు చూసింది, నోరు తెరిపించి చూసింది.

"వేడి కాదు, తట్టులా ఉంది, మీజిల్స్. కౌంటీ ఆరోగ్యశాఖవాళ్ళకి ఇప్పుడే కాల్ చెయ్యాలి."

"అక్కా, ప్లీజ్! రేపు ఇంటినిండా గెస్టులు. నువ్వేమన్నా క్లినిక్‌లో చూశావా? ఫంక్షన్ అయ్యాక రిపోర్ట్ చెయ్యి."

"ఇంట్లో చూసినా డాక్టర్నే కదే! టెస్ట్ రిజల్ట్ దాకా కూడా ఆగకూడదు, అనుమానం వస్తే చాలు, చెప్పాలని రూలు. పైగా నీ కొడుక్కి దీని టీకా ఇంకా పడలేదు. వెంటనే ఇస్తే వాణ్ణి కాపాడే మందుంది. ఆలస్యమైతే పనిచెయ్యదు."

"వాళ్ళొచ్చి ఏం చేస్తారండీ?" అడిగాడు శశికాంత్.

"ఫోన్ చేసి, ఎవరెవర్ని కలిశారో అడుగుతారు. అంతే."

"ఎవర్నీ కలవలేదు. ఇల్లు కదిలిందే లేదు," అంది నమ్రత గబగబా.

మృదుల బాబు వంక చూసింది. సోఫాలో లేచి కూర్చుంది. నోరు పెగల్చుకుని అంది.

"మొన్న గుళ్ళో ఇద్దరు పసిపిల్లల్ని ఎత్తుకున్నాను, ఆంటీ. వాళ్ళకీ ఆ మందివ్వాలి కదా?"

అందరూ ఆ పిల్ల వైపు తిరిగారు. జ్ఞానప్రసూన కూతురి పక్కకి వచ్చింది.

"మన ఊళ్ళో అమ్మవారు పోస్తే దాచేవాళ్ళమటే? ఎవరూ లోపలికి రాకుండా గుమ్మానికి వేపమండ కట్టేవాళ్ళం. ఇక్కడ ఆ వేపమండకి బదులు ఈవిడ ఫోను చేస్తోంది. చెయ్యి డాక్టరమ్మా."

నమ్రత బాబుని గుండెకి హత్తుకుని తలూపింది. బిందుమాధవి ఫోన్ తీసింది. అవతలివాళ్ళు గుడి వివరాలు రాసుకుని, అనీష్‌ని ఆ సాయంత్రమే ఎక్కడికి తీసుకురావాలో చెప్పారు. రేపటి ఫంక్షన్ ఎందుకు ఆపేస్తున్నారో చెబుతూ నమ్రత తనే గెస్టుల వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టింది. తిరిగి చూసేసరికి అన్నీ ఒకటే జవాబులు: పిల్లలు జాగ్రత్త, వంట చేసి గుమ్మం ముందు పెట్టిపోతాం.

షామ్‌బర్గ్ నుంచి రావాల్సిన చుట్టాల కోసం సర్దిన గది మృదులదయింది. ఇన్నాళ్ళూ హాల్లో గాలిపరుపు మీద పడుకున్న పిల్ల, మెత్తటి మంచం మీద కాళ్ళు బారచాపుకుంది. కిటికీలోంచి చూస్తే, శశికాంత్ మామయ్య బాబుని కారెక్కిస్తున్నాడు. వాడు నవ్వుతున్నాడు.

చిన్నప్పుడే తట్టు వచ్చిపోయి, ఇక అంటుకునే భయంలేని జ్ఞానప్రసూన మజ్జిగ గ్లాసు తెచ్చిపెట్టింది. వేపమండ దొరక్క, కుండీలోని కరివేపాకు రెమ్మ తుంచి తలుపు పిడికి కట్టింది.

"ఇక నిన్నెవరూ పలకరించరు, హాయిగా పడుకో," అని తలుపు మూసేసింది.