ద్రోహి కుప్ప

పాడ్జ్ ఉద్యోగం మా అందరి కళ్ళముందే ఊడింది. క్వారీ కొత్త రోడ్డు నాలుగు రోడ్ల కూడలి మీదుగా పోవాలి. ఆ కూడలిలో మనిషెత్తు రాళ్ళ కుప్ప ఒకటుంది. బుల్‌డోజర్‌ని దాని ముందుదాకా తెచ్చి, ఇంజన్ ఆపి కిందికి దిగాడు పాడ్జ్.

"ఏమైందిరా?" అన్నాడు గ్లీసన్. క్వారీ ఆయనది, కొండ ఆయనది, కొండకింద పొలాలు ఆయన తాతలనాటివి.

"దీన్ని నేను తొయ్యనండీ. శవప్పెట్టె దించిన చోటిది. మా నాయనమ్మ చెప్పేది."

"నీకు జీతమిచ్చేది మీ నాయనమ్మా, నేనా?"

మాలో కొందరు నవ్వారు కూడా. పాడ్జ్ తాళంచెవి ఆయన చేతిలో పెట్టాడు. "రేపట్నించి రావద్దు" అన్నాడు గ్లీసన్, వాన పట్టేలా ఉందే అన్నంత తేలిగ్గా. పిల్లలు గల మనిషి, టోపీ నెత్తిన పెట్టుకుని, అప్పుడే మొదలైన వానలో తడుస్తూ ఇంటిదారి పట్టాడు.

ఆ కుప్పని మేం ద్రోహి కుప్ప అంటాం. ఐర్లండ్‌లో దొంగని క్షమిస్తారు, తాగుబోతుని క్షమిస్తారు. తోటివాళ్ళ పేర్లు శత్రువుకి చెప్పినవాణ్ణి మాత్రం వాడి మనవల తరం దాకా క్షమించరు. థేడీ ఫ్రాహర్ అనేవాడు ఇంగ్లీషు వాళ్ళమీద పోరాటంలో మనవాళ్ళ పేర్లు చెప్పేశాడనీ, వాడి శవాన్ని ఊరు ఆ కూడలిలోనే ఆపేసిందనీ మా పెద్దలు చెప్పారు. సంతకి పోయే ప్రతివాడూ దానిమీద ఓ రాయి విసిరి, ఉమ్మేసి పోవాలి. మా నాన్న విసిరాడు, ఆయన్ని చూసి మేమూ విసిరాం. ఏభై ఏళ్ళ ఉమ్మితో, రాళ్ళతో అంత ఎత్తు లేచింది ఆ కుప్ప.

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక పబ్బు వెనకగదిలో యూనియన్ మీటింగ్ పెట్టాం. నా పేరు నెడ్, సెక్రటరీని. గదినిండా తడికోట్ల వాసన.

"పాడ్జ్‌ని తిరిగి తీసుకోకపోతే పని ఆపేద్దాం" అన్నాను.

"ద్రోహిగాడి కోసం సమ్మె చేశానంటే మా ఆవిడ చీపురు తిరగేస్తుంది" అన్నాడు వెనకనుంచి ఒకడు.

"ద్రోహి కోసం కాదు, పాడ్జ్ కోసం."

"వాణ్ణి దిగమన్నదెవరంట? కొరివితో తల గోక్కున్నాడు. ఇప్పుడు మన తలలు కూడా అడుగుతున్నాడు."

"ఇవాళ గ్లీసన్ వాడి నోటికాడ కూడు లాక్కున్నాడు. రేపు నీది లాక్కుంటాడు. అప్పుడూ ఇట్లాగే గ్లాసు పట్టుకుని జోకులేస్తావా?"

గొంతులు లేచాయి, కుర్చీలు జరిగాయి. మూలన కూర్చున్న పాడ్జ్ అప్పుడు నోరు తెరిచాడు. "ఎవరూ పని ఆపొద్దులే. నేను లండన్ పోతా." ఆ మాటతో గది చప్పున చల్లారిపోయింది. లండన్ పోయి మళ్ళీ తిరిగిరాని మనిషి ప్రతి ఇంట్లోనూ ఒకడున్నాడు. పనాపడానికి చేతులు లేవలేదు గానీ, రోడ్లకి అనుమతిచ్చే కౌంటీ ఆఫీసుకి పోయి అడిగి రమ్మని నన్ను పంపారు.

అక్కడి ఆఫీసరు నాకు కుర్చీ కూడా చూపించలేదు. "చచ్చినవాడి రక్తసంబంధీకులెవరైనా వచ్చి, ఇది మావాడి గుర్తు అని నోటితో చెప్పాలి. శుక్రవారంలోగా. చెబితే రోడ్డు ఆపుతాం, మీ డ్రైవర్ని తీసుకోమని క్వారీకి చెబుతాం."

"ఎవరూ రాకపోతే?"

"అప్పుడవి ఉత్త రాళ్ళేగా."

అట్లా పాడ్జ్ బతుకు, ఎప్పుడో చచ్చిన ద్రోహి చుట్టాల చేతిలో పడింది. వాళ్ళెక్కడున్నారో, అసలున్నారో లేదో ఎవరికీ తెలీదు. ఫ్రాహర్ ఇంటిపేరు ఎత్తితే తలుపులు మూసుకున్నారు. దిక్కులేని ముసలివాళ్ళని పెట్టే ఆశ్రమంలో ఆఖరికి హెన్నెబ్రీ దొరికాడు. ఆ కాలపు పొలం కూలీల్లో మిగిలింది అతనొక్కడే.

"ద్రోహా? ఎవడికిరా ద్రోహి?" ముసలాడు మంచంమీద లేచి కూర్చున్నాడు. "ఇంగ్లీషోడు పోయేదాకా థేడీ అందరికీ వీరుడే. ఈ గ్లీసన్ తాత వాణ్ణి తన గడ్డివాములో దాచాడు, తన చేత్తో మాంసం వడ్డించాడు. జెండా మారింది, మన ప్రభుత్వమే వచ్చింది. కూలి పెంచమని థేడీ మమ్మల్నందర్నీ పొలాల్లోంచి బయటికి పిలిచాడు. అంతే, వీరుడు కాస్తా రౌడీ అయిపోయాడు. మన సైనికులే వచ్చి గ్లీసన్ పొలానికి కాపలా కాశారు. మన సైనికులే థేడీని బ్యారక్ గోడకి నిలబెట్టి కాల్చారు."

"మరి పేర్లు చెప్పాడంటారే?"

"చెప్పుంటే నేనెందుకు మిగుల్తాను? మాలో ఒక్కడి పేరూ చెప్పలేదు. కాబట్టే ఈ మంచంమీద ముసలాణ్ణయి చస్తున్నా."

చర్చి నేలలో ఫాదర్ చోటివ్వలేదట. జ్ఞానస్నానం కాకుండా పోయిన పసిబిడ్డల్ని పూడ్చే చోటు సముద్రపొడ్డున ఉంది. కూలీలంతా పెట్టెని అక్కడికి మోసుకుపోతుంటే కూడలి దగ్గర సైనికులు తుపాకులు అడ్డంపెట్టారు. పెట్టె రోడ్డుమీద దించాల్సి వచ్చింది.

"పెట్టె దించిన చోట తలా ఓ రాయి పెట్టడం మన ఆచారమేగా. మమ్మల్ని వెనక్కి తోసేలోగా పెట్టాం. వాళ్ళమ్మా, చెల్లెలూ మాత్రం వాణ్ణి గాడిదబండిమీద తోలుకుపోయారు. ఆనక గ్లీసన్ల నోట కథ మారిపోయింది. పని కావాల్సినవాడు ఎదురు చెబుతాడా? మేం నోళ్ళు మూసుకున్నాం. మా పిల్లలు ఉమ్మటం నేర్చుకున్నారు." ముసలాడు ఏడ్చాడు. నాకు ఎవరిమీదో తెలియని కోపం వచ్చింది. దణ్ణం పెట్టి వేసిన రాళ్ళమీద తిట్టి వేసిన రాళ్ళు పడ్డాయి. ఇప్పుడు వాటిని ఎవడు ఏరతాడు?

చెల్లెలి కూతురు హన్నా టౌన్లో ఉందని అతనే చెప్పాడు. గురువారం వెళ్ళాను. ఏభై దాటిన మనిషి, భర్త లేడు. టీ పోసింది, రొట్టెకి వెన్న రాసిచ్చింది. థేడీ పేరు ఎత్తగానే కత్తి కింద పెట్టేసింది.

"ఆ పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దు బాబూ. మా అమ్మే ఎత్తలేదు."

ముసలాడు చెప్పిందంతా, పాడ్జ్ సంగతీ చెప్పాను. కిటికీకేసి చూస్తూ వింది.

"మా అమ్మ గ్లీసన్ల వంటింట్లోనే చేసింది, పోయేదాకా. వాళ్ళన్నని చంపించినవాళ్ళకే బంగాళదుంపలు ఉడికించింది. ఇంకెవరు పని ఇస్తారు, ఆ ఇంటిపేరు గలదానికి? సంతకి పోయేటప్పుడు ఆ కుప్ప దగ్గర ఆగేది. మేం పిల్లలం విసిరేవాళ్ళం, ఉమ్మేవాళ్ళం. అమ్మ మాత్రం..." ఆవిడ చేతులు రెండూ ముందుకి చాచి, కిందికి వంచి, అక్కడే ఆపేసింది. "అమ్మ విసిరేది కాదు. వంగి, రెండుచేతుల్తో పెట్టేది. మోకాళ్ళ నెప్పులు, అందుకని మెల్లిగా పెడుతోందనుకునేదాన్ని."

నేను రొట్టె పళ్ళెం పక్కకి జరిపాను.

"రేపు కౌంటీ ఆఫీసుకి వచ్చి ఒక్కమాట చెప్పండమ్మా. ఆయన మా మేనమామ అని. అంతే."

"నా కొడుకు డెక్లాన్ ఎక్కడ చేస్తున్నాడో తెలుసా? గ్లీసన్ లారీ తోల్తున్నాడు. నేను నోరు తెరిస్తే సాయంత్రానికి వాడూ మీ పాడ్జూ ఒకే ఓడెక్కుతారు. వాడికి కూడు నువ్వు పెడతావా?"

నేను టోపీ అందుకుని లేచాను. వాడికి కూడు పెట్టేంత డబ్బు యూనియన్ దగ్గర లేదు. గుమ్మందాకా వచ్చి, "టీ చల్లారిపోయింది, తాగనేలేదు" అంది. మా అమ్మే అన్నట్టుంది ఆ మాట.

శుక్రవారం కౌంటీ ఆఫీసు గుమ్మంలో సాయంత్రం దాకా నిలబడ్డాను. ఎవరూ రాలేదు.

సోమవారం పొద్దున గ్లీసన్ పైఊరి డ్రైవర్ని తెచ్చాడు, పోలీసుల్నీ తెచ్చాడు. హెన్నెబ్రీ చెప్పింది నేను ఇంటింటికీ చెప్పాను. అందుకే పనిలోకి దిగకుండా అందరూ కూడలికి వచ్చారు, మీటింగులో జోకులేసినవాడు పెళ్ళాంతో సహా. వచ్చారు గానీ ఏం చెయ్యాలో ఎవరికీ తెలీదు. పోలీసులు లాఠీలు అడ్డంపెట్టి మమ్మల్ని గట్టుమీదికి తోశారు. మా తాతల్ని ఇక్కడే ఇట్లాగే తోశారు. బుల్‌డోజర్ పళ్ళు దిగాయి. పైరాళ్ళూ అడుగురాళ్ళూ కలిసిపోయి డెక్లాన్ లారీలో పడ్డాయి. ఇంతేనా, ఇంత తొందరగానా అనిపించింది. గట్టుమీద పాడ్జ్ ఒక్కడే తలదించుకుని జపం చదువుతున్నాడు.

లారీ కదిలింది. అప్పుడు జనంలోంచి నల్లకోటు వేసుకున్న ఆడమనిషి ఒకావిడ రోడ్డు మధ్యకి వచ్చింది. హన్నా. చేతిలో పిడికెడంత రాయి. లారీకి ఎదురుగా వంగి, రెండుచేతుల్తో దాన్ని రోడ్డుమీద పెట్టింది.

"అమ్మా, తప్పుకో" అన్నాడు డెక్లాన్ లోపల్నించి.

"మీ అమ్మమ్మ మోకాళ్ళు నెప్పులై కాదురా మెల్లిగా పెట్టింది" అంది ఆవిడ, వాడికి అర్థమవుతుందో లేదో చూడకుండానే.

పాడ్జ్ గట్టు దిగి, లాఠీల కిందనుంచి దూరి, ఇంకో రాయి పెట్టాడు. తర్వాత నేను. తర్వాత ఎవరి వెనక ఎవరో చెప్పలేను. ఎవరూ విసరలేదు, ఎవరూ ఉమ్మలేదు. డెక్లాన్ ఇంజన్ ఆపేశాడు. "తోలరా" అని గ్లీసన్ అరుస్తున్నాడు. వాడు తలుపు తీసుకుని దిగి, తాళంచెవి సీటుమీద వదిలేశాడు.

గెలిచామనుకోకండి. సాయంత్రానికి రోడ్డు ఊడ్చేశారు. ఆ రాళ్ళని పిండి చేసి ఆ రోడ్డుకే పరిచారు. పాడ్జ్ లండన్ పోయాడు, డెక్లానూ పోయాడు. మాలో సగంమంది ఆ నెల జైల్లో ఉన్నాం. క్వారీలో మొదటి సమ్మె ఆ జైల్లోనే, గోడకి ఆనుకుని కూర్చుని నిర్ణయించాం. అదీ గెలవలేదు. రెండోది ఇప్పుడు నడుస్తోంది. మీరు రొట్టెలు మోసుకొస్తున్నది ఆ సమ్మె శిబిరానికే.

ఆ పొద్దున మమ్మల్ని వ్యాను ఎక్కిస్తూ పోలీసు ఒక్కొక్కరినీ అడిగాడు. హన్నా వంతు వచ్చింది.

"పేరు?"

"హన్నా మోరిస్సీ."

"ఈ గొడవతో నీకేం సంబంధం ముసలమ్మా?"

శుక్రవారం చెప్పుంటే కుప్ప నిలిచేది, పాడ్జ్ నిలిచేవాడు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. ఊరంతటికీ వినపడేలా చెప్పింది.

"థేడీ ఫ్రాహర్ మేనకోడల్ని."

గట్టుమీద ముసలివాళ్ళు ఒక్కొక్కరే టోపీలు తీశారు.