షెడ్డు గేటు ముందు క్షమాపణ

పొద్దున్నే ఆఫీసుకొచ్చి కంప్యూటరు తెరిచేసరికి ఆశాజ్యోతికి తెర నిండా కన్నతల్లి మొహం కనిపించింది. జుట్టు చెదిరి, కళ్ళు ఎర్రబడి, రొయ్యలు ఒలిచే షెడ్డు గేటు ముందు నిలబడి రెబెక్కమ్మ అరుస్తోంది.

"గ్యాసు వదిలేశారండీ! తలుపులకి బయటనించి గడియ పెట్టారండీ! మా సంపూర్ణమ్మ వదినకి నోట్లోంచి నురుగొస్తోంది, కారు తియ్యమంటే తియ్యట్లేదండీ!"

ఆమె వెనక ఆడవాళ్ళు ఒక మనిషిని రొయ్యలు మోసే ప్లాస్టిక్ టబ్బులో పడుకోబెట్టి మోసుకొస్తున్నారు. ఆ మనిషి కాళ్ళు టబ్బు అంచు దాటి వేలాడుతున్నాయి. రాత్రి షిఫ్టులో కోనపాలెం షెడ్డులో ఐసు మిషను గొట్టంలోంచి అమోనియా లీకైన సంగతి భీమవరం హాస్టల్లో ఉండే కూతురికి తెలిసింది ఇలాగ.

వీడియో కింద మేనేజరు గణేష్‌బాబు ఆర్డరు కూడా ఉంది. 'పెయిడ్ ఆర్టిస్ట్ అని కొట్టండి. నవ్వొచ్చే మ్యూజిక్ వెయ్యండి. రెండు పేజీల్లోనూ వెళ్ళాలి.'

ఈ ఆఫీసు సంగతి కాస్త చెప్పాలి. బట్టల కొట్టు మేడ మీద రెండు గదులు. కుడి గదిలో ఆశాజ్యోతిలాంటి పిల్లలు ఒక ఫేస్‌బుక్ పేజీలో అధికారంలో ఉన్న పార్టీ తరఫున ఎదుటి పార్టీని తిడుతూ రాస్తారు. ఎడమ గదిలో పిల్లలు ఇంకో పేజీలో ఎదుటి పార్టీ తరఫున వీళ్ళని తిడుతూ రాస్తారు. టీ మాత్రం ఒకే ఫ్లాస్కులోంచి వస్తుంది. ఇక్కడ పుట్టిన బూతుల్ని ఫోన్లలో పంచుకుని ఊళ్ళో అన్నదమ్ములు మాటలు మానేస్తారు. కాలేజీ కుర్రాళ్ళు చొక్కాలు చింపుకుంటారు. ఆ పౌరుషమంతా ఒకే బాత్రూము వాడుకునే రెండు గదుల్లో తయారైన సరుకని ఆ వెర్రి నాయనలకి తెలియదు. రెండు పేజీల పెత్తనమూ గణేష్‌బాబుదే. రెండు పార్టీల దగ్గరా చేతులు కట్టుకు నిలబడేదీ ఆయనే. నెత్తి మీద జుట్టు తప్ప ఆ మనిషికి దేనిమీదా నమ్మకం లేదు, అదీ రాలిపోతోంది.

ఎడమ గదిలోంచి రమేష్ బాబు తల బయటపెట్టాడు. "ఇదేంటండీ, మాకూ ఇదే వీడియో ఇచ్చారు? వాళ్ళు తిడితే మేం పొగడాలి కదండీ?"

"అది సత్యప్రసాద్ గారి షెడ్డయ్యా," అన్నాడు గణేష్‌బాబు. "ఆయన దగ్గర పార్టీలేంటి!"

నిజమే. రెండు పార్టీల కండువాలూ ఆ మహానుభావుడి బీరువాలో ఇస్త్రీ చేసి ఉంటాయి. ఏది గెలిస్తే అది తీస్తాడు. రైతుకి గిట్టుబాటు ధర దగ్గర, కాలువ నీళ్ళ దగ్గర, కౌలు దగ్గర ఎన్నడూ కలవని రెండు పార్టీలు రొయ్యల షెడ్డు దగ్గరికొచ్చేసరికి ఎంత చక్కగా కలిసిపోయాయో చూడండి.

ఆశాజ్యోతి లేచి నిలబడింది. "ఆవిడ పెయిడ్ ఆర్టిస్ట్ కాదండి. మా అమ్మండి."

గణేష్‌బాబు మొహం చేటంత చేసుకున్నాడు. "ముందే చెప్పొద్దా అమ్మా! పని తేలికైపోయింది. మీ అమ్మ చేత క్షమాపణ వీడియో చేయించు. గ్యాసూ లేదు గీసూ లేదు, ఎవరో అనమంటే అన్నాను, తప్పైపోయింది, అంతే. పుకార్లు పుట్టించిందని కేసు రెడీగా ఉంది. అది లేకుండా నేను చూస్తాను."

"మరి సంపూర్ణమ్మత్తకి ఏం జరిగినట్టండి?"

"ఫిట్సు. కంపెనీకేంటి సంబంధం?"

సంపూర్ణమ్మ నరసాపురం ఆస్పత్రిలో ఆక్సిజన్ మీద ఉంది. గ్యాసు లేదని అమ్మ నోటితో అంటే ఆస్పత్రి ఖర్చు కట్టకుండా ఆ మనిషిని కంపెనీ ఆ పూటే వదిలేస్తుంది. అనకపోతే అమ్మ జైలుకి.

ఈమధ్య ఇదొక ఆచారమైంది. ఎవడైనా నోరు తెరిచి నిజం చెప్పాడా, మర్నాడు వాడి చేతే చేతులు కట్టించి, కెమెరా ముందు తప్పైపోయిందనిపిస్తారు. పూర్వం జమీందారు గుంజకి కట్టి కొట్టిస్తుంటే జనం కనీసం తల దించుకునేవారు. ఇప్పటి జనం అన్నం తింటూ చూస్తారు, పైగా లైకు కొడతారు. తూ, ఏం బతుకు!

గణేష్‌బాబు అక్కడితో ఆగలేదు. "ఈలోపు షెడ్డులో ఆడవాళ్ళు హాయిగా ఉన్నట్టు ఒక బొమ్మ పెట్టండి," అన్నాడు. రమేష్ బాబు కంప్యూటరుకి నాలుగు ముక్కలు చెప్పాడు, అది క్షణంలో బొమ్మ గీసిచ్చింది. కొప్పు నిండా మల్లెపూలు, మోచేతుల దాకా గాజులు, పట్టుచీరలు కట్టుకున్న ఆడవాళ్ళు పళ్ళికిలించి ఎర్రెర్రటి రొయ్యలు ఒలుస్తున్నారు. పైన 'మా కంపెనీ మా కుటుంబం' అని రాసుంది.

"అబ్బ, ఎంత కళగా ఉందో!" అన్నాడు గణేష్‌బాబు. "ఏమ్మా ఆశాజ్యోతీ, బాగుందా?"

ఆ బొమ్మలో ఏం తప్పుందో షెడ్డులో పనిచేసే మనిషి కూతురికి తెలియదా? తెలుసు. "చాలా బాగుందండి," అంది. అది రెండు పేజీల్లోనూ ఎక్కింది. ఆశాజ్యోతి సంచీ తీసుకుని కోనపాలెం బస్సెక్కింది.

సాయంత్రం లూథరన్ చర్చి ఆవరణలో షెడ్డు ఆడవాళ్ళంతా చేరారు. హిందువులూ క్రైస్తవులూ అన్న తేడా షెడ్డు టేబులు దగ్గర ఎప్పుడో పోయింది. అందరి వేళ్ళూ ఐసులో నానీ నానీ తెల్లగా పాలిపోయి ఉన్నాయి. కూతురు తెచ్చిన కబురు విని రెబెక్కమ్మ చర్చి మెట్టు మీద కూర్చుంది. మిగతావాళ్ళు ఊరుకోలేదు.

"చెప్పెయ్యవే రెబెక్కా," అంది అచ్చాయమ్మ. ఆమెకి నోరెక్కువ, భయమూ ఎక్కువే. "మాటే కదా! నిన్ను లోపలేస్తారు, మమ్మల్ని బయటికేస్తారు. పొయ్యి ఎలా వెలుగుద్ది?"

"నీకు మాటే! వదినకి ఊపిరి!" అని వెనకనించి ఎవరో అరిచారు.

"అయితే నువ్వు పెట్టు మా పిల్లలకి కూడు!"

"పెట్టకపోతే? వదిన మోకాళ్ళ మీద పాకి తలుపు కొట్టింది. నువ్వూ నేనూ బతికింది ఆ చప్పుడికి గడియ తీస్తేనే కదంటే!"

కేకలు పెరిగాయి. ఆశాజ్యోతి మధ్యలోకొచ్చి తన ఆఫీసు సంగతంతా చెప్పింది. రెండు గదులు, ఒక ఫ్లాస్కు, ఒక మేనేజరు. ఆడవాళ్ళు నోళ్ళు తెరుచుకుని విన్నారు.

"అంటే మా ఆయన పొద్దస్తమానం ఆ ఫోను చూసి పక్కింటాయనతో కొట్లాడేది మీ రాతలకా?" అనడిగింది ఒకామె.

"ఆయ్, మా రాతలకేనండి. పక్కింటాయనకి పెట్టేదీ మేమే."

"దుంపతెగా!" అంది ఆవిడ. "చిన్నప్పుడు ఆ ఇద్దరూ ఒకే కంచంలో అన్నం తిని పెరిగారే!"

అప్పుడు ఆశాజ్యోతి ఫోన్లో ఆ బొమ్మ తీసి అందరికీ చూపించింది. ఫోను చేతులు మారింది. ముందు అచ్చాయమ్మే ఫక్కున నవ్వింది.

"ఓసి దీని సోకు మండా! పూలు పెట్టుకుందే! గేటు దగ్గర సూపర్‌వైజరు రానిచ్చాడా?"

"నా మట్టిగాజులు కూడా లాగేశాడు కదే, రొయ్యలో ముక్క పడుద్దని!"

"ముక్కుకి గుడ్డ లేదు, నెత్తికి టోపీ లేదు, కాళ్ళకి బూట్లు లేవు. పట్టుచీర కట్టింది! పెళ్ళికెళ్తందా, పనికొచ్చిందా?"

"అది కాదే, ఆ రొయ్య చూడు! ఎర్రగా ఉంది! ఉడకబెట్టి మరీ ఒలుస్తోంది మహాతల్లి!"

చర్చి ఆవరణంతా నవ్వు. కడుపులు పట్టుకుని, ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. గోదావరి జిల్లాల్లో పచ్చి రొయ్య ఏ రంగులో ఉంటుందో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. రొయ్యలమ్మి మేడలు కట్టినవాడికీ, వాడి అబద్ధాలు మోసేవాడికీ అది కూడా పట్టలేదు. చూసిందెప్పుడు? లోపల అడుగు పెడితే కదా!

నవ్వీ నవ్వీ అచ్చాయమ్మ కళ్ళు తుడుచుకుంది. ఒక్కసారిగా ఆమె మొహం మారిపోయింది. "ఇంత బుర్రలేని ఎదవలకా మనం ఇన్నేళ్ళూ దణ్ణాలు పెట్టింది?"

అప్పటికి రెబెక్కమ్మ లేచింది. "క్షమాపణ చెబుదాం," అంది. "నేనొక్కదాన్నే కాదు, అందరం చెబుదాం. ఎవరికి చెప్పాలో వాళ్ళకే చెబుదాం."

అమ్మతో పాటు అందరూ క్షమాపణ చెబుతారని ఆశాజ్యోతి ఆ రాత్రే గణేష్‌బాబుకి ఫోను చేసింది. మర్నాడు పొద్దున్నే షెడ్డు గేటు ముందు షామియానా వేశారు. మల్లెపువ్వులాంటి చొక్కాలో సత్యప్రసాద్ కుర్చీలో కూర్చున్నాడు. ఆయనకి చెరో పక్కన చెరో పార్టీ నాయకుడు. నిన్నటిదాకా టీవీలో ఒకర్నొకరు కుక్కా నక్కా అని తిట్టుకున్న ఘనులు ఒకే కొబ్బరిబొండాంలో చెరో స్ట్రా వేసుకున్నట్టు నవ్వుకుంటున్నారు. గేటు పక్కన పోలీసు జీపు ఆగి ఉంది. గణేష్‌బాబు ఆనందానికి అంతులేదు.

"రికార్డు చేసి పెడితే బెదిరించి చెప్పించారంటారండి," అని సత్యప్రసాద్ చెవిలో ఊదాడు. "లైవ్ పెడదాం. రెండు పేజీల్లోనూ ఒకేసారి. కూతురే పట్టుకుంటుందండి ఫోను. ఎంత బావుంటుందో చూడండి!"

సత్యప్రసాద్ గొంతు సవరించుకున్నాడు. "వీళ్ళంతా నా అక్కచెల్లెళ్ళు. తెలియక అన్నారు. నేను మనసులో పెట్టుకోను."

టోపీలు, బూట్లు వేసుకుని షెడ్డు ఆడవాళ్ళు బారుగా నిలబడ్డారు. ఆశాజ్యోతి ఫోను ఎత్తింది. రెబెక్కమ్మ చేతులు జోడించి ముందుకొచ్చింది.

"సంపూర్ణమ్మ వదినా, క్షమించు," అంది. "ఆ గ్యాసు గొట్టం కారుతోందని మొన్న నువ్వు చెప్పావు. నోరు మూసుకో, గేటు మూసేస్తారు అన్నాను. ఆ గొట్టమే పగిలింది, నీ ప్రాణం మీదికి తెచ్చింది. నాది తప్పు. గ్యాసు వదిలారు, తలుపు గడియ పెట్టారు. ఇది నేను ముందే అరవనందుకు క్షమించు."

సత్యప్రసాద్ నవ్వు సగంలో ఆగింది. అచ్చాయమ్మ వచ్చి నిలబడింది. "నా బిడ్డల్లారా, క్షమించండర్రా. కళ్ళు మండితే ఉల్లిపాయ కోశానని మీకు అబద్ధం చెప్పాను. షెడ్డులో గ్యాసుకి మండాయి."

ఇంకొకామె వచ్చింది. "మా కాలువా, క్షమించు. నీలో కంపెనీ మురుగు వదులుతుంటే చూసి తల తిప్పుకున్నాను."

"ఓటు తల్లీ, క్షమించు. ఇదిగో ఈ ఇద్దరికీ మార్చి మార్చి వేశాను!"

జనం గొల్లుమన్నారు. నాయకులిద్దరూ ఒకేసారి కుర్చీలు వెనక్కి జరిపారు. గణేష్‌బాబు ఫోను మీదికి దూకబోతే బూట్లు, టోపీలు అడ్డంగా నిలబడ్డాయి. తన ఫోను తీసి ఆఫీసుకి కొట్టాడు. కంగారులో స్పీకరు మోగింది.

"రమేషూ, లైవ్ కట్ చెయ్యరా!"

"చెయ్యనండి."

"ఉద్యోగం పోద్దిరా!"

"ఇది కూడా ఒక ఉద్యోగమేనాండీ? రెండు గదులవాళ్ళం ఒకే తెర ముందు కూర్చుని చూస్తున్నాం. చెప్పనివ్వండి వాళ్ళని."

ఆశాజ్యోతి ఫోను ఇంకాస్త పైకెత్తింది. రెండు పార్టీల కోసం తిట్టుకోడానికి అలవాటుపడ్డ ఊరూరి ఫోన్లన్నీ ఇప్పుడు ఒకటే మొహాన్ని చూస్తున్నాయి.

పోలీసులు దిగారు. రెబెక్కమ్మని చెయ్యి పట్టి లాగి జీపెక్కించారు. ఆశాజ్యోతి దగ్గర ఫోను లాక్కుని ఆమెనీ జీపు వైపు తోశారు. "పుకార్లు, అల్లర్లు," అంటున్నాడు ఎస్సై.

"మేమూ చెప్పాం కదండీ క్షమాపణ! మమ్మల్నీ ఎక్కించండి," అని అచ్చాయమ్మ జీపుకి అడ్డంగా కూర్చుంది. ఆమె పక్కన ఇంకొకామె, ఆ పక్కన ఇంకొకామె. షెడ్డు లోపల టేబుళ్ళ మీద ఐసు కరుగుతోంది. చెరువుల నించి వచ్చిన రొయ్యల లారీలు రోడ్డు పొడుగునా హారన్లు కొడుతున్నాయి. "ఎవరైనా లోపలికి రండమ్మా, సరుకు పాడైపోతోంది," అని సత్యప్రసాద్ బతిమాలుతున్నాడు. కదిలిన మనిషి లేదు.

లారీల వెనక ఒక బస్సు ఇరుక్కుపోయింది. పక్క ఊళ్ళో వేరే కంపెనీ షెడ్డుకి ఆడవాళ్ళని తీసుకెళ్ళే బస్సు. కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి.

"ఏంటమ్మా ఇక్కడ?" అని ఒకామె అరిచింది.

"క్షమాపణలు చెప్పిస్తున్నారు!" అంది జీపులోంచి రెబెక్కమ్మ. "నోరు మూసుకుని ఊరుకున్నందుకు!"

బస్సు తలుపు తెరుచుకుంది. డ్రైవరు వద్దు వద్దంటున్నా ఒకామె దిగింది, ఆమె వెనకే బస్సంతా దిగింది. అందరికన్నా ముందొచ్చిన ఆమె నెత్తిన టోపీ సర్దుకుని అచ్చాయమ్మ పక్కన రోడ్డు మీద కూర్చుంది.

"మేమూ చాలా చెప్పాలండి," అంది ఎస్సై మొహంలోకి చూస్తూ. "మొదలెట్టమంటారా?"