రెండో బస్తా

మూడో లారీ సగం ఖాళీ అయ్యేసరికి జోడుకు తల వెనక మళ్లీ ఆ పోటు మొదలైంది. రెండు సిమెంటు బస్తాలు, నూరు కిలోలు, వీపున పడగానే ఊపిరి బిగబట్టి మోకాళ్లు నిటారు చేశాడో లేదో, మెడలోంచి నడినెత్తికి మేకు దిగినట్లయింది. అయినా నలభై అడుగులు నడిచి, గోదాములో బస్తాలు దించి, తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా బయటికొచ్చాడు.

నొప్పి అని ఏ నోటితో చెప్తాడు? అతని అసలు పేరు ముఠాలో ఎవరికీ గుర్తు లేదు. ఆరేళ్ల కిందట, అందరూ ఒక్కో బస్తా మోసే రోజుల్లో, మేస్త్రీ మెప్పు కోసం రెండేసి మోసి చూపించాడు. మగాడంటే ఇలా ఉండాలని మేస్త్రీ భుజం తట్టాడు. జోడు అన్న పేరు ఆ రోజు పెట్టిందే. వారం రోజులు రొమ్ము విరుచుకుని తిరిగాడు. నెల తిరక్కుండా అందరూ రెండేసి మొయ్యడం రివాజైంది. పన్నెండుగురి పని ఎనిమిదిమందితో అవుతుంటే మిగతావాళ్లు దేనికని యజమాని నలుగుర్ని మానిపించాడు. ఉన్నవాళ్లకు కూలి పైసా పెరగలేదు. మానిపించినవాళ్లలో ఒకడు ఇప్పుడు సందు మొదట్లో చెప్పులు కుడుతున్నాడు. జోడు అతని కంటపడకుండా ఇంటికి చుట్టుదారిన పోతాడు.

ఆసుపత్రికి వెళ్లకపోలేదు. ఏం పని చేస్తావని డాక్టరమ్మ అడిగితే, బరువు మొయ్యలేకపోతున్నానని చెప్పడానికి నామోషీ అనిపించి, లెక్కలు రాస్తానన్నాడు. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకోమంది. అబద్ధానికి తగిన వైద్యమే దొరికింది.

మాత్ర మింగుదామని గోదాము వెనక నీళ్లతొట్టి దగ్గరికి వెళ్లేసరికి అక్కడ బావమరిది కూర్చుని ఉన్నాడు. జోడే వెంటపెట్టుకొచ్చి పనిలో చేర్చిన మనిషి. తడిగుడ్డ తలకు బిగించి కట్టుకుని, మోకాళ్ల మధ్య మొహం పెట్టుకున్నాడు. ఎండ దెబ్బేమోనని జోడు అడిగాడు. కాదన్నాడు. ఆసుపత్రికి వెళ్లి, ఏం మోస్తున్నాడో ఉన్నదున్నట్టు చెప్పాడట.

“ఊపిరి బిగబట్టి అంత బరువు ఎత్తొద్దంది బావా డాక్టరమ్మ. తలలో నరం చిట్లితే మనిషి దక్కడంది. ఒక్కోటే మొయ్యమంది.”

“మరి రెండెందుకు మోస్తున్నావు?”

“నువ్వు మోస్తున్నావుగా. నీ ముందు ఒకటి మోసి, అక్క మొహం ఎలా చూడను?”

జోడు చేతిలో మాత్ర చెమటకు తడిసి పిండైపోయింది. తన తలనొప్పి తనదే అనుకున్నాడు ఇన్నాళ్లూ. దాన్ని ముఠా అంతటికీ తానే పంచిపెట్టాడని ఇప్పుడు తెలిసింది. సిగ్గుతో చితికిపోయాడు. నాకూ ఉందిరా ఈ నొప్పి అన్న ఒక్క మాట కూడా అక్కడ అనలేకపోయాడు. చెయ్యి తొట్టిలో కడుక్కుని లారీ దగ్గరికి నడిచాడు. బావమరిది లేచి వెనకే వచ్చాడు.

లారీ మీదివాడు ఒక బస్తా వీపున పెట్టి, అలవాటుగా రెండోది ఎత్తాడు.

“చాలు,” అన్నాడు జోడు.

అతను వేళాకోళమనుకుని నవ్వాడు. మేస్త్రీ కుర్చీలోంచి తల తిప్పి, అప్పుడే ముసలాడివయ్యావా అని అడిగాడు. క్యూలో ఉన్నవాళ్లంతా చూస్తున్నారు. నడుం పట్టేసిందన్న అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. చెవులు కాలిపోతుండగా దాన్ని మింగేశాడు.

“తలనొప్పి. ఈ రోజుది కాదు, ఏడాది నుంచి ఉంది. ఈ బరువుకే వచ్చింది. నేనిక ఒకటే మోస్తాను.”

“పేరు మార్చుకోవాలి మరి,” అన్నాడు మేస్త్రీ. ఎవరో కిసుక్కుమన్నారు. సాయంత్రం వచ్చి కనపడమని మేస్త్రీ గొంతు మార్చి అన్నాడు.

జోడు తల వంచుకుని కదిలాడు. బరువు సగమే ఉంది, గోదాము మాత్రం ఎన్నడూ లేనంత దూరంగా కనిపించింది. వెనక బావమరిది లారీకి వీపు ఆనించిన చప్పుడు, మొదటి బస్తా పడిన చప్పుడు వినిపించాయి.

“నీకు?” అని అడుగుతున్నాడు లారీ మీదివాడు.

తిరిగి చూసే ధైర్యం లేక, జోడు అడుగులు నెమ్మది చేసి, జవాబు కోసం చెవులు రిక్కించాడు.